టోప్‌కపీ వంటశాలలో పళ్ళేలు

ఇస్తాంబుల్లో ఉన్న నాలుగు రోజుల్లో మూడు రోజుల గురించి చెప్పడానికేం లేదు. అందరూ చూసేవే చూశాం. ఒకప్పటి ఒట్టోమన్ సుల్తానుల కోట టోప్‌కపీ ప్యాలెస్ టికెట్ రేటు చూసినప్పుడు మాత్రం గుండె గుభేలుమంది. అక్కడివాళ్ళకో రేటు, మనకో రేటు. తాజ్‌మహల్ దగ్గర మనం చేసేదీ అదే. కానీ డబ్బు మన పర్సులోంచి పోతుంటే ఆ న్యాయం గుర్తుకు రాదు.

మావారు వజ్రం చూడాలని ఖజానా ముందు క్యూలో నిలబడ్డారు. అది కదిలేలా లేదు. ఎండకు తాళలేక నేను వెనక్కి వచ్చి, వరసగా పొగగొట్టాలున్న వంటశాలల్లో దూరాను. 1574లో తగలబడితే సుల్తానుల ఆస్థాన శిల్పి సినాన్ మళ్ళీ కట్టించినవట.

లోపల అంతా చైనా పింగాణీ. ప్యాలెస్ దగ్గర పది వేలకు పైగా ఉంటే, అందులో 14వ శతాబ్దపు, అంటే చైనాను మంగోలులు ఏలిన యువాన్ కాలం నాటి నీలం-తెలుపువి నలభై దాకానే. ఒక్కో పళ్ళెం మన పెళ్ళిళ్ళలో పులిహోర కలిపే పళ్ళేన్ని గుర్తుచేసింది. నీటి నాచు మధ్య చేప, చుట్టూ పూలతీగలు, అంచున అలలు. వేలెడు ఖాళీ వదల్లేదు. చైనాలో ఎవరి గిన్నె వాళ్ళదే. ఇంతింత పళ్ళేలు, చుట్టూ కూర్చుని ఒకే దాంట్లో తినే పశ్చిమాసియా వాళ్ళ కోసం చేసినవి. ఆ నీలం రంగు కూడా ఇరాన్ నుంచి చైనాలోని జింగ్‌దెజెన్ పింగాణీ బట్టీలకు వెళ్ళి, పళ్ళెం మీదకెక్కి మళ్ళీ పడమరకు తిరిగొచ్చింది.

వీటిని చైనా పెద్దమనుషులు మెచ్చుకోలేదు. 1388లో చావ్ జావ్ అనే రసికుడు ఇవి మరీ నాటుగా ఉన్నాయని రాసిపెట్టాడు. 1950లలో వీటి కాలం తేల్చిన పండితుడు జాన్ పోప్ అమెరికా వాడు. లండన్‌లో 1351 అని తేదీ రాసి ఉన్న కూజాల జత ఉంది. వాటి పనితనంతో ఇక్కడి పళ్ళేలను పోల్చి చూశాడు.

నన్ను కదలనివ్వనిది మాత్రం ఒక విరిగిన కూజా. ముక్కు పోతే పారేయకుండా వెండి ముక్కు తొడిగారు. మా అమ్మమ్మ ఆవకాయ జాడీకి మూతి పెచ్చు లేచిపోతే పాత పంచె గుడ్డ వాసెన కట్టి ఇరవై ఏళ్ళు వాడింది. సుల్తానుకు వెండి, ఆవిడకు పంచె.

"వజ్రం వదిలేసి ఇక్కడేం చేస్తున్నావ్? పింగాణీ కావాలంటే మీ అమ్మమ్మగారి అటకెక్కితే చాలదూ?" అంటూ మావారు వచ్చారు.

బయట కాఫీ తాగాం. రెండు గుక్కల కాఫీకి ఆ రేటేమిటో! కప్పును వాళ్ళు 'ఫింజాన్' అంటారు. మన పింగాణీకి చుట్టమేమో అనిపించింది.

ఆ రాత్రే అమ్మకు ఫోన్ చేసి జాడీ ఏమైందని అడిగాను.

"పెరట్లో ఉందిగా. కలబంద వేశాను. నీళ్ళు పోవడానికి మీ నాన్న అడుగున చిల్లి కొట్టారు" అంది.