అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఫాంటమ్: కొనడం, కాపాడుకోవడం, చదవడం

ఆదివారం అబిడ్స్‌లో షట్టర్లు దించిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. నేను వెతికేది ఫాంటమ్ అనే ముసుగు వీరుడి కథలు వేసిన పాత బొమ్మల పుస్తకాల వరుస, ఇంద్రజాల్ కామిక్స్. అక్కడ ‘ఇంద్రజాల్ కామిక్స్ ఉన్నాయా’ అని నోరు విప్పి అడిగితే మాత్రం చవగ్గా దొరకవు. సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టినవి తీస్తారు, రేటూ దానికి తగ్గట్టే ఉంటుంది. నాకు ఫాంటమ్ దొరికింది చందమామలు, బాలమిత్రలు, స్కూలు గైడ్లు కలిపి తాడేసిన కట్టలో. కట్ట మొత్తానికి ఒకటే రేటు. అంచుల్లో పిన్ను కొట్టిన సన్నటి పుస్తకాలు కనిపించే కట్టనే విప్పించి చూడాలి.

బేరం మొదలుపెట్టే ముందు చూడాల్సింది అట్టను కాదు, నడిమి పేజీని. ఒక్కో కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలవుతాయి. అలాంటివి ఒకదాంట్లో ఒకటి పెట్టి రెండు పిన్నులు కొడతారు. పిన్ను కాళ్లు కనిపించే చోట కథ ఎడమ పేజీ నుంచి కుడి పేజీకి అతకకపోతే నడిమి కాగితం ఊడిపోయినట్టే, నాలుగు పేజీలు గల్లంతు. ఎక్కడైనా ఒక పేజీ వదులుగా ఊగుతుంటే దాని జోడీ పేజీ చిరిగిపోయి ఉండొచ్చు. రెండో సగంలో దాని చోటు వెతకండి. నా లెక్కలో అట్ట చిరిగినా, పజిల్‌ని ఎవరో పెన్సిల్‌తో నింపినా, అద్దె లైబ్రరీ రబ్బరు ముద్ర ఉన్నా పర్వాలేదు, బేరానికి అవే ఆసరా. పేజీ తక్కువైతే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

ఇళ్లలో బైండు చేయించినవి ఇంకా చవక. కానీ బైండరు మూడు అంచులూ కోసేస్తాడు, ఆ కోతలో ఒక్కోసారి మాటల బుడగల చివర్లు పోతాయి. లోపలి అంచు కుట్టులోకి పోయి పేజీ పూర్తిగా తెరుచుకోదు కూడా.

‘మొదటి సంవత్సరంది సార్’ అంటారు, నమ్మేయకండి. ఇంద్రజాల్ మొదలైంది 1964 మార్చిలో. తొలి 32 సంచికలూ ఫాంటమ్‌వే. మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్ లాంటి మిగతా హీరోలు ఆ తర్వాతే వచ్చారు. ఇంకో హీరో బహదూర్ కనిపిస్తే అది 1976 చివరికి ముందుది కాదు.

ఇంటికి తెచ్చాక నేరుగా అలమారులో పెట్టకండి, పురుగుల గుడ్లు మిగతా పుస్తకాలకీ చేరతాయి. జిప్ కవర్లో గాలి తీసేసి పెట్టి, దాన్ని ఇంకో కవర్లో వేసి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు. అప్పుడు చెమ్మ కవరుకే పడుతుంది, కాగితానికి పట్టదు. ముక్కిన వాసన పోవడానికి మూతపెట్టె చాలు. ఒక మూల గిన్నెలో వంటసోడా, సోడా తగలకుండా ఇంకో మూల పుస్తకం.

తుప్పు పైపైన ఉంటే పిన్నుల జోలికి వెళ్లను. కాగితాన్ని తినేస్తుంటే మాత్రం నడిమి పేజీ తెరిచి, మొద్దు చాకు మొనతో కాళ్లు లేపి నిలబెట్టి, వీపు వైపు నుంచి తీస్తాను. కాళ్లు వంగి ఉండగానే లాగితే చిల్లు చిరుగవుతుంది. తర్వాత అవే చిల్లుల్లోంచి నూలు దారం. సెల్లోటేపు, ఫెవికాల్ రెండూ వద్దు. టేపు జిగురు కొన్నేళ్లకు పసుపెక్కి కాగితంలోకి దిగుతుంది, దాన్ని వదిలించడం ఇంట్లో అయ్యే పని కాదు. దాచడానికి పాలీప్రొపిలీన్ కవరు వాడాలి. మెత్తటి పీవీసీ కవరు ఇంకుకు అంటుకుపోతుంది.

ఇక చదవడం. ఫాంటమ్ పత్రికల్లోకి వచ్చింది 1936లో, సూపర్‌మ్యాన్ కంటే రెండేళ్లు ముందు. ఒంటికి అతికిన దుస్తులు, నల్లగుడ్లు కనిపించని ముసుగు అప్పటికే ఉన్నాయి, అతీతశక్తులు మాత్రం లేవు. పత్రికలో రోజుకు మూడు నాలుగు బొమ్మల గళ్ల చొప్పున వచ్చిన కథను పేజీల్లో పేర్చారు కాబట్టి, నిన్న ఏం జరిగిందో మళ్లీ చెప్పే గడి మాటిమాటికీ తగులుతుంది. విసుక్కోకుండా చదివితే అప్పట్లో ఏ రోజు కథ ‘మిగతాది రేపు’ అని ఎక్కడ ఆగిందో పట్టేయొచ్చు. అసలు కథలో బంగల్లా అనే దేశం ఇంద్రజాల్‌లో డెంకాలీ అయింది. రంగు ఒక్కోచోట గీత దాటి పక్కకు జరుగుతుంది, నా ప్రతిలో ఫాంటమ్ భుజం ఊదారంగు వెనకున్న చెట్టుకీ అంటింది. కొత్త ముద్రణలో దాన్ని సరిచేసేస్తారు, అందుకే నాకు పాతదే కావాలి.