ఉమ్మనీరు ఎన్ని గంటలకు పోయిందమ్మా? – నా అనుభవం

32 వారాలప్పుడు, అర్ధరాత్రి నిద్రలో ఉమ్మనీరు పోయింది. అమ్మ లేచి గడియారం చూసి, నా స్కానింగ్ ఫైలు అట్ట మీదే టైమ్ రాసింది. 108లో ఆసుపత్రికి వెళ్లాక డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది కూడా అదే.

తర్వాత ప్రశ్నలన్నీ నా గురించే. జ్వరం వచ్చిందా, మూత్రంలో మంట ఉందా, నీరు ఏ రంగులో ఉంది, వాసన వచ్చిందా? ప్యాడ్ కూడా చూశారు. బిడ్డ సంగతి చెప్పకుండా ఇవన్నీ ఎందుకు అడుగుతున్నారో అర్థంకాక నాకు ఒకటే టెన్షన్. ఆవిడే ఓపిగ్గా చెప్పారు: ఉమ్మనీటి సంచి పగిలితే క్రిములు పైకి పాకుతాయి. కాన్పు కాకుండా 18 గంటలు దాటితే బిడ్డకు ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. తల్లికి 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా, నీరు చెడు వాసన వచ్చినా ఇంకా ప్రమాదం. అందుకే మాటిమాటికీ లోపల చెయ్యి పెట్టి చూడలేదు. నాకు యాంటీబయాటిక్ మొదలుపెట్టి, బిడ్డ ఊపిరితిత్తుల కోసం 12 గంటలకొకటి చొప్పున నాలుగు డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. నాలుగూ పూర్తయ్యాకే నొప్పులొచ్చాయి.

పాప 1,600 గ్రాములు. గట్టిగానే ఏడ్చింది. అయినా నేరుగా ఎస్‌ఎన్‌సీయూకి (నవజాత శిశువుల ప్రత్యేక వార్డుకి) తీసుకెళ్లిపోయారు, పాపకూ యాంటీబయాటిక్ సూదులు వేయాలన్నారు. "బాగానే ఉంది కదండీ, సూదులెందుకు?" అని మా అత్తయ్య అడిగింది. తల్లి నుంచి బిడ్డకు చేరే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం చివరి నెలల్లోనే వెళ్తాయట. ముందే పుట్టేసిన బిడ్డకు ఆ రక్షణ తక్కువ, చర్మమూ పల్చన. పైగా ఇన్ఫెక్షన్ వస్తే ఇలాంటి పిల్లలకు ఒళ్లు కాలాలనేం లేదు, చల్లబడిపోవచ్చు, ఊపిరి మధ్యమధ్యలో ఆగొచ్చు. అది బయటపడేదాకా ఆగకూడదన్నారు.

మందు ఎక్కించే ముందే కల్చర్‌కి, అంటే రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి, పాప రక్తం తీశారు. నా చూపుడు వేలంత లావు లేని చెయ్యి. కదపకుండా చిన్న అట్టముక్క పెట్టి ప్లాస్టర్ చుట్టారు. చూడలేకపోయాను. పిండిన ముర్రుపాలు సిస్టర్‌కిచ్చి బయట కూర్చున్నాను.

48 గంటలకు కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదని తెలిసింది. పాప కూడా హుషారుగా ఉండటంతో యాంటీబయాటిక్ ఆపేశారు. ఇంకొన్నాళ్లు వాడితే మంచిది కదా అని నేను పట్టుబట్టాను. అవసరం లేకుండా పొడిగిస్తే పేగుల జబ్బు వచ్చే ప్రమాదం ఉందన్నారు. మొదలుపెట్టడమే కాదు, ఆపడం కూడా వైద్యమేనని నాకు అప్పుడే తెలిసింది.

డిశ్చార్జ్ రోజు ఇంకో మాట చెప్పారు. ఒకసారి ఇలా నెలలు నిండకుండా కాన్పయితే మళ్లీ అలాగే అయ్యే అవకాశం ఎక్కువట. వచ్చే కాన్పుకి మొదటి చెకప్‌లోనే ఈ కాగితాలు చూపించమన్నారు.