వేలంలో కొన్న హార్మోనియం

మా నాన్నగారు తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. ఆయన పాత పెట్టె పాడైపోవడంతో ఒక ఆన్‌లైన్ వేలం సైటులో వాడిన హార్మోనియం కోసం నేను వేలం పాట పాడాను. 14,200 రూపాయల దగ్గర నా పాట ఖాయమైంది. "అన్ని మెట్లూ పలుకుతాయి, తిత్తికి చిల్లు లేదు" అని వివరణలో రాసి ఉంది.

గుంటూరులో మా ఇంటికి పార్సిల్ వచ్చిన రోజున, విప్పుతుండగా మా అబ్బాయి ఫోనులో వీడియో తీశాడు. నాన్నగారు చాప మీద కూర్చుని, ఎడమచేత్తో తిత్తి ఊపి ఒక మెట్టు నొక్కారు. గాలి ఉస్సుమంది, స్వరం రాలేదు. అలాంటి మెట్లు నాలుగు తేలాయి. తిత్తి మడతల్లో గోధుమరంగు టేపు అంటించి ఉంది. ఆయన ఏమీ అనకుండా మూత వేశారు.

విక్రేతకు రాస్తే, "వేలంలో కొన్న వస్తువు, ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవాలి, వాపసు లేదు" అన్నారు. చాలామంది ఈ మాట దగ్గరే ఆగిపోతారు. నేనూ రెండు రోజులు ఆగాను. మా ఊరి మిర్చి యార్డులో సరుకు కళ్లతో చూసి, కాయ చేత్తో పట్టుకున్నాకే ధర చెబుతారు. నాకు అందినవి కొన్ని ఫొటోలు, ఆ రెండు మాటలు మాత్రమే. వాటిని నమ్మి పాడినవాడికి అవి అబద్ధమని తేలాక, వేలం అన్న పేరు చెప్పి తప్పించుకోనివ్వడం అన్యాయం.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చదివాక ధైర్యం వచ్చింది. వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా విక్రేత వెనక్కి తీసుకోనని అనకూడదు. ఒక మెలిక మాత్రం ఉంది. ఇంట్లోని పాత సామాను ఎప్పుడో ఒకసారి అమ్ముకునే వ్యక్తికి ఇవి వర్తించవు. అందుకే ముందు విక్రేత పేజీ తెరిచాను. అమ్మకానికి పెట్టిన వాద్యాలు వందకు పైనే ఉన్నాయి. అది వ్యాపారమే. ఆ పేజీని, వేలం వివరణను, పాటల వరుసను తేదీలతో సహా స్క్రీన్‌షాట్లు తీసి దాచాను. వారం తిరిగేసరికి వివరణ పేజీ మాయమైంది!

పాటల వరుసలో ఒకే పేరు ధరను పెంచుకుంటూ పోవడం కూడా గమనించాను. విక్రేత తన మనిషితో దొంగపాట పాడించి ధర పెంచితే, కొన్నవారు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం చెబుతోంది. నా దగ్గర రుజువు లేదు కాబట్టి ఆ మాట ఎత్తలేదు.

సైటులోని ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అందిందన్న జవాబైతే వచ్చింది. ఆ తర్వాత "మేము మధ్యవర్తులం మాత్రమే" అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించినా విక్రేత దిగిరాలేదు. పైగా రవాణాలో దెబ్బ తగిలిందని కొత్త పాట ఎత్తుకున్నారు.

అప్పుడు తెనాలిలో హార్మోనియంలు బాగుచేసే ఒక పెద్దాయనకు పెట్టె చూపించాను. ఆయన టేపు అంచును గోటితో లేపితే జిగురు ఎండి పొడిపొడిగా రాలింది. "ఇది నిన్నమొన్న అంటించింది కాదు బాబూ" అని, అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టారు.

విక్రేత ఉండేది వేరే రాష్ట్రం. అయినా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే, గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయగలిగాను. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. న్యాయవాదిని పెట్టుకోలేదు.

నోటీసు అందాక విక్రేత తానే ఫోను చేశారు. పూర్తి సొమ్ము, రవాణా ఖర్చు, మరో 3,000 రూపాయలకు రాజీ కుదిరింది. డబ్బు ఖాతాలో పడ్డాకే పెట్టెను కొరియర్ మనిషికి అప్పగించాను. గుమ్మం దాటుతుండగా నాన్నగారు, "మెల్లగా పట్టుకో నాయనా, చెక్క మంచిది" అన్నారు.