గవదబిళ్ళల తర్వాత విన్న వాదనలు

గవదబిళ్ళలంటే చిన్నపిల్లలకు వచ్చిపోయే జబ్బన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. నాకు మాత్రం విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ హాస్టల్లో ఉన్న కాలంలో వచ్చింది. మొదట ఒళ్ళునొప్పులు, సన్నటి జ్వరం, అన్నం సహించకపోవడం తప్ప వేరే లక్షణాలేవీ లేవు. ఆ తర్వాత కుడి చెవి కింద దవడ మూల ఉబ్బి, చెవితమ్మె పైకి లేచింది. మర్నాటికి ఎడమవైపూ అదే పరిస్థితి. పుల్లటిదేదైనా తలచుకుంటే చాలు, లాలాజలం ఊరి వాచిన గ్రంథిలో సూదులు గుచ్చినట్టు పోటు పుట్టేది. ఈ వైరస్‌ను చంపే మందు లేదని, జ్వరానికీ నొప్పికీ మాత్రలు వేసుకుంటూ విశ్రాంతి తీసుకోవాలని, వాపు మొదలయ్యాక 5 రోజుల పాటు ఎవరితోనూ కలవకుండా ఉండాలని డాక్టరు చెప్పారు.

ముఖం వాపు తీస్తోందని స్థిమితపడుతున్న సమయంలో జ్వరం చలితో తిరగబెట్టి, ఒక వృషణం వాచింది. ఈ సంగతి రాయడానికి మగవాళ్ళు మొహమాటపడతారు కాబట్టే దీని గురించి తెలిసినవారు తక్కువ. టీకా లేకుండా యుక్తవయసు దాటిన పురుషులకు గవదబిళ్ళలు వస్తే, వారిలో 15 నుంచి 30 శాతం మందికి ఈ ఇబ్బంది ఎదురవుతుంది. లేచి నడవడం అటుంచి, పక్కకు ఒత్తిగిలడమే గండంగా ఉండేది. చల్లటి గుడ్డ, బిగుతైన లోదుస్తు, నొప్పి మాత్రలు, వీటికి మించిన వైద్యం లేదు. జ్వరం త్వరగానే దిగినా ఆ భాగంలో బరువు వారాల తరబడి పోలేదు. పూర్తి వంధ్యత్వం అరుదని డాక్టరు ఎంత చెప్పినా, తర్వాత చేయించుకున్న పరీక్షలో ఫలితం బాగుందని తెలిసేవరకూ మనసు కుదుటపడలేదు. నా చిన్నతనంలో వేసిన టీకాల్లో గవదబిళ్ళల టీకా లేదు. అప్పటి జాబితాలోనే అది ఉండేది కాదు.

నేను మంచం మీద ఉండగానే హాస్టల్లో మరికొందరికి ఈ జబ్బు సోకింది. దానితో, వచ్చే విద్యాసంవత్సరం నుంచి హాస్టల్లో చేరే ప్రతి విద్యార్థీ తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి ఇచ్చే ఎమ్మెమ్మార్ టీకా రెండు మోతాదులు వేసుకున్నట్టు ధ్రువపత్రం చూపాలన్న ప్రతిపాదన విద్యార్థుల సమావేశంలో చర్చకు వచ్చింది. కోలుకున్న కొత్తలో నేనూ వెళ్ళాను. ఆ టీకాతో ఆటిజం వస్తుందని ఒకరు లేవదీశారు గానీ, ఆ భయానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రిక 2010లో ఉపసంహరించుకుందని మరొకరు గుర్తుచేయడంతో అది అక్కడితో ఆగింది.

టీకా వేసుకున్నవాళ్ళకూ గవదబిళ్ళలు వస్తున్నప్పుడు నిర్బంధం దేనికన్న ప్రశ్న అంత తేలికైనది కాదు. 2006లో అమెరికాలో 6,500 మందికి పైగా ఈ జబ్బు పడ్డారు. వారిలో రెండు మోతాదులూ వేసుకున్న కళాశాల విద్యార్థులు ఎందరో ఉన్నారు. రెండు మోతాదులు సుమారు 88 శాతం రక్షణ ఇస్తాయని లెక్క, అదీ ఏళ్ళు గడిచేకొద్దీ సన్నగిల్లుతుంది. అయితే దాదాపు అందరూ టీకా వేసుకున్న చోట రోగుల్లో ఎక్కువమంది టీకా వేసుకున్నవారే అవడంలో వింత లేదు. చూడవలసింది ఒక్కో వర్గంలో వెయ్యిమందికి ఎందరికి వచ్చిందన్నది. 2015-16లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో వ్యాపించినప్పుడు రెండు మోతాదుల వారిలో వెయ్యికి 14.5 మందికి, మూడో మోతాదు కూడా వేసుకున్న వారిలో 6.7 మందికి సోకింది.

అలాగని అన్ని టీకాలనూ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. 2021లో అనేక విశ్వవిద్యాలయాలు కోవిడ్ టీకాను తప్పనిసరి చేశాయి. ఆ టీకా తీవ్రమైన జబ్బు నుంచి కాపాడినా, ఇతరులకు సోకకుండా ఆపే శక్తి త్వరగా తగ్గింది. యువకుల్లో అరుదుగా గుండె కండరం వాచినట్టు కూడా తేలింది. అలాంటప్పుడు పక్కవాడి క్షేమం పేరుతో బలవంతపెట్టే వాదన పలచబడుతుంది. బ్రిటన్‌లో 2015 నుంచి కొత్తగా చేరే విద్యార్థులకు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా ఉచితంగా ఇస్తున్నారు, నిర్బంధం లేదు. మా సమావేశంలో, టీకా వద్దన్నవారంతా మూఢులన్నట్టు మాట్లాడిన ఒక అధ్యాపకుడి ప్రసంగం వల్ల మా ప్రతిపాదనకు మేలు కన్నా కీడే ఎక్కువ జరిగింది. ఆరోగ్య వివరాలు ఎవరి చేతికి వెళ్తాయని నిలదీసిన అమ్మాయికి ఆయన దగ్గర జవాబు లేదు.

అయినా గవదబిళ్ళల విషయంలో నేను నిర్బంధం వైపే మొగ్గాను. అందుకు కారణం నా పక్క గది మిత్రుడు. కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందుల వల్ల అతను ఈ టీకా వేసుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే అందులో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. వాపు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచే రోగి ఇతరులకు అంటించగలడు. ఆ రోజుల్లో మేమిద్దరం ఒకే బల్ల దగ్గర చదువుకున్నాం. సోకాక లక్షణాలు బయటపడటానికి 12 నుంచి 25 రోజులు పట్టవచ్చు కాబట్టి, అతను అంతకాలమూ భయంతో ఒంటరిగా గడిపి, చివరికి జబ్బు రాకపోయినా ఒక పరీక్ష పోగొట్టుకున్నాడు. సమావేశంలో ఈ సంగతి చెప్తానంటే, "నన్ను చూపించి గెలవొద్దురా" అన్నాడు. కాబట్టి అక్కడ నా అనుభవం వరకే చెప్పాను. ఇక్కడ రాసినది అతను చదివి ఒప్పుకున్నదే.

పడకలు ఎవరి పక్కన ఎవరికో నిర్ణయించేది విశ్వవిద్యాలయం గనుక, ఆ పడకల మధ్య వ్యాపించే జబ్బు విషయంలో షరతు పెట్టే హక్కు, దానితో పాటు టీకాను ఉచితంగా ఆవరణలోనే వేయించే బాధ్యత కూడా దానికే ఉంటాయని నేను అన్నాను. డాక్టరు ఉత్తరం ఉన్నవారికి మినహాయింపు ఉండాలని, వద్దన్నవారిని పరీక్షలకు దూరం చేయకుండా, జబ్బు వ్యాపిస్తున్న రోజుల్లో మాత్రం హాస్టల్ బయట ఉండమనాలని సూచించాను. వివరాలను ఆరోగ్య కేంద్రం దాటి పోనివ్వకూడదన్న ఆ అమ్మాయి సవరణను చేర్చాకే ప్రతిపాదన నెగ్గింది. నాకు గవదబిళ్ళలు వచ్చి తగ్గినా తట్టు, రుబెల్లాల నుంచి దాని వల్ల రక్షణ రాదని డాక్టరు అనడంతో, పూర్తిగా కోలుకున్నాక నేను కూడా ఎమ్మెమ్మార్ రెండు మోతాదులూ వేయించుకుని, మిగతావారితో పాటే ధ్రువపత్రం ఇచ్చాను.