అట్ట మీద రెండు లిపులు

బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు పుస్తకానికి అట్ట వేయించేటప్పుడు పేరు ఒడియాలో కూడా ఉంటే బాగుంటుందనిపిస్తుంది. తిప్పలు అక్కడే మొదలు. రెండింటికీ అక్షరం సైజు 36 పాయింట్లు పెడితే సమానంగా కనబడవు. ఒడియా అక్షరం నెత్తిన గొడుగు పట్టినట్టుంటుంది, తెలుగు అక్షరం కింద వత్తులు వేలాడేసుకుంటుంది. పాయింట్లు వదిలేసి, రెండు లిపుల్లోనూ 'క' రాసి కంటికి ఎత్తులు కలపండి. తెలుగు పేరు రెండు వరుసలైతే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగలకూడదు. ఫాంటు పరీక్షకి 'జ్యోత్స్న' అని టైపు చేస్తే చాలు, దాని బండారం బయటపడుతుంది. ప్రెస్సుకి పంపేముందు అక్షరాల్ని ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా, అంటే కర్వ్స్‌గా మార్చాలి. లేదంటే అక్కడి కంప్యూటర్లో వత్తులు విడిపోతాయి.

వెన్ను (రెండు అట్టల మధ్య పట్టీ) లెక్క: 160 పేజీలంటే 80 కాగితాలు. కాగితం మందం 0.1 మి.మీ. అయితే వెన్ను 8 మి.మీ. డెమీ సైజుకి (140 × 216 మి.మీ.) ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట పక్కపక్కన పెట్టి, నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) కలిపితే ఫైలు 294 × 222 మి.మీ. అయినా ఖాళీ కాగితాలతో డమ్మీ (నమూనా పుస్తకం) కట్టించి కొలవడమే నయం. ఒక్క మి.మీ. తేడా వచ్చినా వెన్ను రంగు ముందు అట్ట మీదికి జారుతుంది.

వానాకాలంలో అట్ట బయటికి చుట్టుకుంటుంది. లామినేషన్ (ప్లాస్టిక్ పొర) ఉన్న పక్క తేమ పీల్చదు, లోపలి పక్క పీల్చి ఉబ్బుతుంది. ఆర్ట్‌కార్డు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) తీసుకుని, దాని పీచు (నార సాగే దిక్కు) వెన్నుకి సమాంతరంగా ఉండేలా కోయించండి.