వంటగది గోడలో చెమ్మ

హనుమకొండలో మా నాన్నగారు కట్టించిన ఇంటి వంటగది గోడ ప్రతి వానాకాలంలోనూ నేల నుంచి 3 అడుగుల ఎత్తు వరకు నల్లబడేది. వేలితో రాస్తే పైపూత పిండిలా రాలి, కింద తెల్లని ఉప్పు కనిపించేది. గోడ వారన పెట్టిన బియ్యం బస్తా అడుగున బూజు పట్టిన రోజున, ఇక రంగులతో కప్పిపుచ్చి లాభం లేదని నాకు అర్థమైంది.

అంతకుముందు రెండుసార్లు ఆ పనే చేశాం. చౌడు పట్టిన పూతను చెక్కించి, సిమెంటుతో గట్టిగా పూయించి, మీద వాటర్‌ప్రూఫ్ రంగు వేయించాం. వత్తి నూనెను పీల్చినట్టే ఇటుక భూమిలోని నీటిని పైకి పీలుస్తుంది. ఆ నీరు గోడ మీది నుంచి ఆవిరైపోవాలి. సిమెంటు ఆ దారిని మూసేయడంతో చెమ్మ 4 అడుగులకు పాకింది. నీటితో వచ్చిన లవణాలు పూత వెనక స్ఫటికాలై ఉబ్బి, దాన్ని పెచ్చులు పెచ్చులుగా ఊడగొట్టాయి.

ఈసారి ముందుగా ఒక ప్లాస్టిక్ కవరును నాలుగంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచాను. నీటి బొట్లు గోడ వైపే నిలిచాయి. గది వైపు నిలిచి ఉంటే అది గాలిలోని తేమ, ఎగ్జాస్ట్ ఫ్యానుతో పోయేది.

అసలు కారణం బయట ఉంది. ఒకప్పుడు వీధికి 2 అడుగుల ఎత్తున ఉన్న బేస్‌మెంట్, రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో వీధితో సమానమైంది. ఇంటి చుట్టూ పోసిన మట్టి, నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా పునాది మీద వేసే డీపీసీ పొరను దాటి పైకి వచ్చినందువల్ల, పొర ఉండి కూడా తడి పక్క నుంచి గోడలోకి చేరింది. ఆ మట్టిని పొరకు అరడుగు కిందికి తీయించి, వాననీరు ఇంటికి దూరంగా పోయేలా వాలు పెట్టించాం. సిమెంటు పూత చెక్కించి, వేసవంతా ఆరనిచ్చి, సున్నం పూత వేయించాం. సున్నం తడిని బయటికి పోనిస్తుంది.

అమెరికాలో చాలా ఇళ్లకు నేల కింద మనిషి పాకి వెళ్లేంత ఖాళీ ఉంటుంది, అక్కడ మట్టి మీద ప్లాస్టిక్ షీటు పరుస్తారు. మన ఇళ్లలో ఆ చోట మొరం నింపుతాం కాబట్టి, గచ్చు తవ్వించినప్పుడు మొరం మీద మందమైన పాలిథీన్ పరిపించి కాంక్రీటు పోయించాను. గోడకు థర్మాకోల్ అంటించమని బంధువులు చెప్పారు గానీ, తడి గోడను మళ్లీ మూయడానికి నేను ఒప్పుకోలేదు.

ఇటుక గోడ అంగుళం మందానికి నెల చొప్పున ఆరుతుందని మేస్త్రీల లెక్క. మాది 9 అంగుళాల గోడ. ఈ ఆగస్టులో మళ్లీ కవరు అంటించి చూస్తే, లోపల మసక ఉంది గానీ బొట్టు లేదు.