ప్రెస్ మీట్‌లో పోయిన పదవి
రాత్రి నిద్ర పట్టక 1987 జనవరి నాటి సంగతులు చదువుతూ కూర్చున్నా, ఏ.పి. వెంకటేశ్వరన్ కథ దగ్గరే ఆగిపోయా. అప్పుడాయన మన విదేశాంగ కార్యదర్శి. రాజస్థాన్ ఎడారిలో మన సైన్యం బ్రాస్‌టాక్స్ అనే భారీ యుద్ధ విన్యాసాలు, పాకిస్తాన్ సరిహద్దుకు రెండు వైపులా సైన్యాలు, ఎప్పుడేమవుతుందోనని ఒకటే టెన్షన్. సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీలో ప్రెస్ మీట్, పాకిస్తాన్ విలేకరి ఏదో అడిగితే రాజీవ్ గాంధీ, త్వరలో మీరు కొత్త విదేశాంగ కార్యదర్శితో మాట్లాడతారు అనేశారు. అంతే! వెంకటేశ్వరన్ అదే హాల్లో కూర్చుని ఉన్నారు, అందరి ముందూ తన ఉద్యోగం పోయిందని విన్నారు. ఆ రోజే రాజీనామా ఇచ్చేశారు.

2015 జనవరిలో అదే పదవిలో ఉన్న సుజాతా సింగ్‌నూ పదవీకాలం ఇంకా నెలలుండగానే పంపించి జైశంకర్‌ని తెచ్చారు, కనీసం అది ప్రెస్ మీట్‌లో చెప్పలేదు.

ప్రధానికి తనకు నచ్చినవాళ్లను పెట్టుకునే హక్కుంది, కాదనను. కానీ ముందురోజు గదిలోకి పిలిచి ఒక్క మాట చెబితే ఏం పోయేది? నన్నూ ఓసారి మీటింగ్‌లో అందరి ముందు ప్రాజెక్ట్ నుంచి తప్పించారు (దీనికీ దానికీ పోలికేంటి అనకండి), ఆ రోజు తల ఎటు తిప్పాలో తెలియక నోట్‌బుక్‌లో గీతలు గీస్తూ కూర్చున్నా.